చేతికొచ్చేది ఎంత, లెక్కకెక్కేది ఎంత

(హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులను ఉద్దేశించి ఒక కార్మిక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మరి కొద్ది నెలల్లో మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగంలో చేరతారు. కొందరు హైదరాబాద్ బస్సెక్కుతారు, కొందరు మడికొండ ఐటీ పార్కుకో, గీసుగొండ, సంగెం మండలాల్లో విస్తరించిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకో వెళ్తారు, ఇంకొందరు ఈ ఊళ్లోనే ఆసుపత్రుల్లో, బట్టల షోరూముల్లో, ప్రైవేటు బడుల్లో కుదురుకుంటారు. ఎక్కడ చేరినా ఇంట్లో వాళ్లు, చుట్టాలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "చేతికి ఎంతొస్తది?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, ఇంటి అద్దె కట్టవలసింది చేతికొచ్చిన డబ్బుతోనే. అయితే జీతం రాలేదనో, కోత పడిందనో, ఉన్నట్టుండి మాన్పించారనో నా దగ్గరికి వచ్చే యువతీయువకుల్లో ఎక్కువమంది ఆ ఒక్క ప్రశ్నే అడిగి ఉద్యోగంలో చేరినవాళ్లు. జీతంలో రెండు భాగాలుంటాయి. చేతికొచ్చే డబ్బు ఒకటి. మీరు ఫలానా సంస్థలో, ఫలానా తేదీ నుంచి, ఫలానా వేతనానికి పనిచేశారని చెప్పే రికార్డు రెండోది. మొదటిదాని కోసం వంద రూపాయల దగ్గర కూడా బేరమాడే మనం రెండోదాన్ని ఊరికే వదిలేస్తాం. ఈ రోజు నేను ఎక్కువసేపు ఆ రెండో భాగం గురించే మాట్లాడతాను.

ముందుగా మొదటి భాగంలోని లెక్క చూద్దాం, ఎందుకంటే దాన్ని కూడా మనం సరిగా చదవడం లేదు. కొత్త లేబర్ కోడ్‌లు రాకముందు ఇక్కడి కుర్రాడొకరికి ఇచ్చిన ఆఫర్ లెటరు నా దగ్గర ఉంది. అందులో "ఏడాదికి 2 లక్షల 40 వేల ప్యాకేజీ" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే నెలకు 20 వేలని ఆ అబ్బాయి, వాళ్ల నాన్న లెక్క వేసుకున్నారు. రెండో పేజీ తిప్పితే మూల వేతనం 10,000, ఇంటి అద్దె భత్యం 4,000, ప్రత్యేక భత్యం 2,000, మొత్తం 16,000 అని ఉంది. మిగిలిన 4,000 ఎక్కడ ఉందంటే, యజమాని కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) వాటా 1,440, యజమాని కట్టే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వాటా 520, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) కోసం పక్కన పెట్టినట్టు చూపిన 481, ఆపైన 1,559 రూపాయల "పనితీరు ప్రోత్సాహకం". ఈ చివరిది ఏడాది తర్వాత, సంస్థ తలచుకుంటే ఇచ్చేది. ఇక 16,000లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150 పోగా బ్యాంకులో పడేది 14,290 రూపాయలు. ఇందులో మోసం ఏమీ లేదు, ప్రతి పైసా కాగితం మీద ఉంది. సంస్థకు మీ మీద అయ్యే మొత్తం ఖర్చును ప్యాకేజీ అంటారు, మీకు అందేదాన్ని జీతం అంటారు. ఈ రెంటి మధ్య తేడా తెలియక, 15,500 ఇస్తామన్న మరో మంచి అవకాశాన్ని ఆ అబ్బాయి వదులుకున్నాడు. అక్కడ వాళ్లు చెప్పింది కోతలు పోగా చేతికిచ్చే అంకె.

తెలంగాణలో వృత్తి పన్ను నెలకు 15,000 వరకు లేదు, ఆపైన 20,000 వరకు 150, అది దాటితే 200 రూపాయలు. ఆదాయపు పన్ను గురించి మీరిప్పుడే బెంగపడనక్కరలేదు. కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12 లక్షల 75 వేల దాకా పన్ను పడదు, ఆ స్థాయికి చేరాక మీకు చెప్పడానికి ఆడిటర్లు బోలెడంతమంది దొరుకుతారు.

అదే 14,290ని ఇంకో విధంగా చూడండి. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే గంటకు 68 రూపాయల 70 పైసలు పడుతుంది. అదే జీతానికి రోజుకు 12 గంటలు నిలబడితే గంటకు 45 రూపాయల 80 పైసలే. మన ఊళ్లో షోరూముల్లో పొద్దున పదింటికి షట్టరు లేపితే రాత్రి పదింటికి దించేదాకా ఉండే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు, మీ అక్కాచెల్లెళ్లే అక్కడ ఉంటారు. వాళ్ల జీతాన్ని నెల అంకెతో కాకుండా గంట అంకెతో పోల్చి చూస్తే, ఏ ఉద్యోగం మేలో ఏది కాదో చాలాసార్లు తారుమారవుతుంది. వారానికి 48 గంటలన్నది చట్టం పెట్టిన హద్దు. 2025 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవడానికి అనుమతి ఇచ్చినప్పుడు కూడా వారానికి 48 గంటల హద్దును అలాగే ఉంచింది, దుకాణాలను ఆ సడలింపు నుంచి మినహాయించింది. హద్దు దాటిన ప్రతి గంటకూ మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. "ఓటీ ఇస్తున్నాం కదా" అని సింగిల్ రేటు ఇచ్చి చేతులు దులుపుకునే చోట్లు చాలా ఉన్నాయి, మన పిల్లలు దాన్ని మేలుగా భావించి కృతజ్ఞతలు చెబుతుంటారు.

ఇక రికార్డు సంగతి. 2019 నాటి వేతనాల కోడ్‌తో సహా నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1965 నాటి బోనస్ చట్టం, 1976 నాటి సమాన వేతన చట్టం, ఈ నాలుగూ కలిసి వేతనాల కోడ్ అయ్యాయి. ఈ కోడ్‌లలో కార్మిక సంఘాలు తీవ్రంగా వ్యతిరేకిస్తున్నవి కొన్ని ఉన్నాయి. సమ్మె హక్కు మీద, ఉద్యోగులను తొలగించే విషయంలో యజమానులకు ఇచ్చిన వెసులుబాటు మీద వాళ్ల అభ్యంతరాలు సబబైనవేనని నా అభిప్రాయం. కానీ ఈ రోజు నా ముందు ఉన్నది తొలి ఉద్యోగంలో చేరబోయేవాళ్లు కాబట్టి, మీ చేతికి ఆయుధంగా పనికివచ్చే అంశాలే చెబుతాను. నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి. జీతం చీటీ, అంటే పే స్లిప్, ఇవ్వడం కూడా విధే. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా పడాలి. మీరు మానేసినా, వాళ్లు మాన్పించినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు, జరిమానా వేస్తే ఆ నెల వేతనంలో 3 శాతానికి మించకూడదు. మూల వేతనం, కరవు భత్యం కలిపి మొత్తం పారితోషికంలో సగానికి తగ్గితే, తగ్గినంత మేర మిగతా భత్యాలనూ వేతనంలో కలిపి లెక్కించాలి. ఈ చివరి నిబంధన ఎందుకు వచ్చిందంటే, ఇన్నాళ్లూ చాలా సంస్థలు మూల వేతనాన్ని 30 శాతానికి కుదించి, మిగతాదంతా రకరకాల భత్యాల పేరుతో ఇచ్చి పీఎఫ్, గ్రాట్యుటీ భారం తగ్గించుకునేవి. పీఎఫ్ గొడవ లేకుండా చేయడానికి మూల వేతనాన్ని సరిగ్గా 15,001 రూపాయలని రాసిన కాగితాలు నేను చూశాను. తొలిసారి ఉద్యోగంలో చేరేవారి వేతనం 15,000 దాటితే పీఎఫ్ తప్పనిసరి కాదన్న నిబంధన ఉండడమే ఆ ఒక్క రూపాయికి కారణం.

"పీఎఫ్ వద్దు సార్, ఆ డబ్బులు చేతికే ఇవ్వండి" అని తామే అడిగే పిల్లలు కూడా తక్కువేమీ కాదు. ఇంట్లో అప్పులున్నప్పుడు నెలకు 1,440 రూపాయలు పెద్ద మొత్తమే, వాళ్లను తప్పుపట్టలేను. అయినా ఆ మాట అన్న క్షణాన ఏం వదులుకుంటున్నారో తెలిసి అనాలి. మీరు కట్టే 12 శాతానికి యజమాని మరో 12 శాతం కడతాడు. అందులో 8.33 శాతం పెన్షన్ పథకంలోకి, 3.67 శాతం మీ పీఎఫ్ ఖాతాలోకి పోతుంది. ఇందాకటి అబ్బాయి లెక్కలో మూల వేతనం, ప్రత్యేక భత్యం కలిపిన 12,000 మీద యజమాని కట్టే 1,440లో సుమారు వెయ్యి రూపాయలు పెన్షన్‌కు, 440 ఖాతాకు. ఖాతాలోని సొమ్ము మీద 2024–25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక నెలనెలా పెన్షన్ వస్తుంది. ఉద్యోగంలో ఉండగా మరణం సంభవిస్తే కుటుంబానికి 7 లక్షల రూపాయల వరకు బీమా సొమ్ము వస్తుంది, దానికి ఉద్యోగి విడిగా ఒక్క పైసా కట్టనక్కరలేదు. ఉద్యోగం మారినప్పుడల్లా ఖాతా ఖాళీ చేసుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. యూఏఎన్, అంటే ఎన్ని ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు, ఒకటే ఉంచుకుని పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకుంటే సర్వీసు కలుస్తుంది. తీసేసుకుంటే పదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చేరిన రెండు మూడు నెలలకు ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. జీతం చీటీలో పీఎఫ్ కోసినట్టు ఉండి పాస్‌బుక్‌లో పడలేదంటే, మీ డబ్బును మీ యజమాని వాడుకుంటున్నాడని అర్థం. అది నేరం కూడా.

రికార్డులో పేరు ఉండడం ఎంతటి విషయమో ఉత్తర తెలంగాణ బీడీ కార్మికులను అడిగితే తెలుస్తుంది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంటి అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్కన బతుకీడ్చిన లక్షలాది ఆడవాళ్లున్నారు. ఇద్దరు పక్కపక్కనే కూర్చుని, ఒకే ఆకు, ఒకే తంబాకుతో, ఒకే కంపెనీ బీడీలు చుట్టి ఉంటారు. ఒకామె పేరు కంపెనీ రిజిస్టరులో ఉండి పీఎఫ్ కట్ అయింది. ఇంకొకామె చుట్టిన బీడీలు మరొకరి కార్డు మీద జమయ్యాయి, ఆమెకు చేతికి నాలుగు డబ్బులొస్తే చాలనిపించింది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద బీడీ కార్మికులకు పింఛను మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ సభ్యత్వాన్నే ఆధారంగా తీసుకుంది. నెలకు 2,016 రూపాయలు మొదటామెకు వస్తాయి, రెండో ఆమెకు రావు. ఇద్దరి వేళ్లూ ఒకేలా అరిగాయి.

కరోనా కాలంలో బడులు మూతబడినప్పుడు ప్రైవేటు ఉపాధ్యాయులకూ ఇదే ఎదురైంది. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నప్పుడు, బడి రికార్డుల్లో పేరున్నవాళ్ల పని సులువుగానే జరిగింది. ఏళ్లకేళ్లు పాఠాలు చెప్పి కూడా ఏ రిజిస్టరులోనూ లేనివాళ్లు తాము టీచర్లమని నిరూపించుకోవడానికే తిరగవలసి వచ్చింది. మీలో బీఈడీ చేసి ప్రైవేటు బడిలో చేరాలనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. జీతం ఏడాదికి పది నెలలా, పన్నెండు నెలలా అన్నది చేరేముందే అడగండి. వేసవి సెలవులకు జీతం ఉండదన్న సంగతి ఏప్రిల్ నెలాఖరున తెలుసుకోవడం చాలా బాధాకరం.

ఈఎస్ఐ గురించి మన పిల్లలకు చులకన భావం ఉంది. డిస్పెన్సరీలో గోళీలు తప్ప ఏముంటాయని అంటారు. వైద్య సేవల నాణ్యత మీద ఫిర్యాదులున్న మాట నిజమే. కానీ నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లు తమ వంతుగా కట్టేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. దానికి ప్రతిగా జబ్బు చేసి ఇంట్లో ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదుగా వస్తుంది. పనికి వెళ్తూ వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం ఉందని తేలితే, ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే లెక్కిస్తారు. నైట్ షిఫ్ట్ దిగి నర్సంపేట రోడ్డు మీద బైకుపై ఇంటికొచ్చే కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు.

కనీస వేతనం అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి, అది ఎవరో దయతలచి వేసిన అంకె కాదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు దానికొక కొలత పెట్టింది. సంపాదించే ఒక్కరి మీద ఆధారపడిన కుటుంబాన్ని మూడు వినియోగ ప్రమాణాలుగా తీసుకుని, ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరకు, దీపాలు, ఇతర ఖర్చులకు 20 శాతం అని నిర్ణయించారు. పిల్లల చదువు, వైద్యం, పండుగలు పబ్బాలు, వృద్ధాప్యం, పెళ్లి వంటి వాటికి మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 1991 నాటి రెప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. తెలంగాణలో ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కరవు భత్యాన్ని సవరిస్తారు. మూల వేతనాన్ని మాత్రం ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని చట్టం అంటున్నా, మన రాష్ట్రంలో చాలా రంగాలకు ఆ సవరణ గడువు దాటి ఏళ్లు గడిచినా జరగలేదు. అందువల్ల కనీస వేతనం అమలు చేస్తున్నామని ఒక యజమాని గర్వంగా చెబితే, అది పాత మూల వేతనం మీద కట్టిన లెక్క అయి ఉండవచ్చని గుర్తుపెట్టుకోండి. పైగా మీ పనిని "నైపుణ్యం లేని" తరగతిలో రాస్తారా, "నైపుణ్యం గల" తరగతిలో రాస్తారా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన అమ్మాయిని హెల్పరుగా చూపిన నియామక పత్రం మీద నేను ఒక క్లెయిము నడిపాను. అక్కడ ఆమె చదువు సర్టిఫికెట్టు కంటే, రిపోర్టుల మీద ఆమె పెట్టిన సంతకాలే మాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఇప్పుడు అన్నింటికంటే చిక్కైన విషయానికి వస్తాను. మీ యజమాని ఎవరు? వినడానికి ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కాలంలో ఆ ప్రశ్నే పుట్టేది కాదు. 1934లో మొదలై 2002లో మూతబడిన ఆ మిల్లులో పనిచేసినవాళ్లు మీ తాతల తరంలో చాలామంది ఉంటారు. గేటు లోపల పనిచేసేవాడికి మిల్లే యజమాని. నేడు ఒకే గేటు లోపల మూడు నాలుగు రకాల మనుషులున్నారు. ఆసుపత్రి వార్డులో పక్కపక్కనే నిలబడిన ఇద్దరిలో ఒకరు ప్రభుత్వ ఉద్యోగి, ఒకరు ఏజెన్సీ మనిషి. 2020 పీఆర్‌సీ (వేతన సవరణ) ప్రకారం ప్రభుత్వంలో కనిష్ఠ మూల వేతనం 19,000 రూపాయలు, దానిపైన కరవు భత్యం, ఇంటి అద్దె. 2021లో పెంచిన మేరకు అవుట్‌సోర్సింగ్ వారికి తరగతిని బట్టి 15,600, 19,500, 22,750 రూపాయలు, అంతే. ఆ మొత్తం కూడా ఏజెన్సీ చేతుల మీదుగా రావాలి. సింగరేణిలో చూడండి. 2024లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం వాటా పంచినప్పుడు పర్మనెంట్ కార్మికులకు సగటున 1 లక్ష 90 వేలు అందితే, తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులను కూడా గుర్తించి ఒక్కొక్కరికి 5,000 ఇచ్చారు. అసలేమీ ఇవ్వని ఏళ్లతో పోలిస్తే ఇది ముందడుగే. అయినా పక్కపక్కనే పనిచేసిన ఇద్దరి మధ్య ఉన్న ఆ దూరాన్ని మీరు ఒకసారి లెక్కగట్టుకోండి. తాత్కాలిక ఉద్యోగులు పర్మనెంట్ వారితో సమానమైన పనే చేస్తుంటే కనీసం ఆ స్కేలులోని కనిష్ఠ వేతనమైనా ఇవ్వాలని జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. తీర్పుకూ జీతం చీటీకీ మధ్య చాలా ఆఫీసులున్నాయి.

ఏజెన్సీ ద్వారా చేరేవాళ్లు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న సంస్థే దాన్ని చెల్లించాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉన్న ఈ బాధ్యతను కొత్త కోడ్ కూడా ఉంచింది. "అది ఏజెన్సీ వాళ్లతో మీరు చూసుకోండి" అని సంస్థ మేనేజరు అంటే ఆ మాట చట్టం ముందు నిలవదు. కానీ ఆ సంస్థలో మీరు పనిచేశారని చూపించాలి కదా. గుర్తింపు కార్డు, హాజరు పట్టీ, డ్యూటీ చార్టు వాట్సాప్‌లో వచ్చిన సందేశం, ఇవన్నీ అప్పుడు కావాలి.

అసలు యజమానే లేడనిపించే పనులు కూడా వచ్చాయి. డెలివరీ పనికి వెళ్లే కుర్రాళ్లకు యాప్ చూపించే అంకె ఆదాయం కాదు, రాబడి. రోజుకు 700 వచ్చి, 100 కిలోమీటర్లు తిరిగారనుకోండి. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండికి రెండు లీటర్ల పెట్రోలు, లీటరు 107 లెక్కన 214 రూపాయలు పోయాయి. బండి వాయిదా, టైర్లు, ఇంజను ఆయిలు, ఫోను రీచార్జి కూడా కలిపితే మిగిలేది మన ఏనుమాముల మార్కెట్లో హమాలీ కూలికి దగ్గరగా వచ్చి ఆగుతుంది. మార్కెట్లో హమాలీలకు, తూకం వేసే దడ్వాయిలకు బస్తాకు ఇంత అన్న రేటుంది, సంఘం ఉంది, ఆ రేటు పెంచమని సీజనుకు ముందు కూర్చుని మాట్లాడే ఆనవాయితీ ఉంది. యాప్‌లో రేటు ఎవరు తగ్గించారో, ఎందుకు తగ్గించారో అడగడానికి మనిషే కనబడడు. సామాజిక భద్రత కోడ్ ఈ పనివాళ్లను తొలిసారి నిర్వచించి, కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి ఇవ్వాలంది. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడానికి ఖర్చేమీ లేదు, చేసుకోండి.

గల్ఫ్ గురించి రెండు మాటలే చెబుతాను, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు నాకంటే ఎక్కువ తెలుసు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవలసిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే అతడు ఏజెంటు కాదు. ఆజాద్ వీసా, అంటే వీసా ఇచ్చినవాడి దగ్గర కాకుండా బయట ఎక్కడైనా పని వెతుక్కోమనే వీసా, మీద వెళ్తే అక్కడ మీకు చట్టబద్ధమైన యజమాని ఉండడు, యజమాని లేనిచోట జీతం బాకీ కూడా ఉండదు.

పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు నా మీద కోపం తెచ్చుకోకండి. ప్రభుత్వ ఉద్యోగం మంచి ఉద్యోగమే, ఎందుకు మంచిదో పై అంకెలే చెబుతున్నాయి. అయితే గదుల అద్దె కట్టుకుంటూ, గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లవారకముందే బయల్దేరుతూ గడిపిన నాలుగైదేళ్లకు కూడా ఒక ధర ఉంది. ఆ ఏళ్లలో పీఎఫ్ సర్వీసు లేదు, అనుభవ పత్రం లేదు. ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపాలో మొదలుపెట్టకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు, నేను చూసినంతలో, తర్వాత తక్కువ నలిగిపోయారు.

బాండ్ల సంగతి కూడా చెప్పి ప్రశ్నలకు వస్తాను. "బాండ్లు చెల్లవు, సంతకం పెట్టేయండి" అని సీనియర్లు ధైర్యం చెబుతుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఒక బ్యాంకు తన అధికారికి మూడేళ్ల కనీస సర్వీసు, మధ్యలో మానేస్తే 2 లక్షలు అని పెట్టిన షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగం మానేశాక మరెక్కడా ఆ పని చేయకూడదని కట్టడి చేసే షరతు వేరు, అది సాధారణంగా నిలవదు. మానేస్తే ఇంత కట్టాలన్న షరతు వేరు. ఆ మొత్తం సంస్థకు జరిగిన నష్టానికి తగినట్టుగా ఉందా అన్నది చూస్తారు. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించి, నకళ్లు ఇచ్చి, వెంటనే తిరిగి తెచ్చుకోండి.

(ప్రసంగం తర్వాత ఒక విద్యార్థిని ఇలా అడిగారు: "మేడం, ఇవన్నీ అడిగితే ఉద్యోగమే ఇవ్వరు కదా? మా బదులు అడగనివాళ్లు పదిమంది బయట నిలబడి ఉంటారు.")

నువ్వు అడిగింది నిజం, దాన్ని కొట్టిపారేయను. ఇంటర్వ్యూ గదిలో కూర్చుని కోడ్‌ల పేర్లు వల్లించమని నేను చెప్పడం లేదు. చేరేముందు మూడు విషయాలు అడిగితే ఎవరూ నొచ్చుకోరు: కోతలు పోగా బ్యాంకులో ఎంత పడుతుంది, నియామక పత్రం ఎవరి పేరుతో వస్తుంది, పని వేళలు ఏమిటి. వీటికి కూడా జవాబు చెప్పని చోటు ఎలాంటిదో నీకు అక్కడే అర్థమవుతుంది. అయినా అవసరం కొద్దీ చేరవలసి వస్తే చేరు. కానీ చేరిన రోజు నుంచి నీ రికార్డు నువ్వే రాసుకోవడం మొదలుపెట్టు. జీతం నగదుగా ఇస్తామంటే, ఖాతాలో వేయమని అడుగు. అది యజమానికి కూడా పెద్ద ఇబ్బంది కాదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఒక చిన్న నోటుబుక్కులో రోజూ రాసుకో. హాజరు రిజిస్టరు ఫోటో, డ్యూటీ మెసేజీలు, జీతం పడినప్పుడు వచ్చే బ్యాంకు సందేశం, వీటిని ఫోనులోనే కాకుండా నీ ఈమెయిలుకు కూడా పంపి పెట్టుకో, ఎందుకంటే మాన్పించిన రోజున ముందుగా గ్రూపులోంచి తీసేస్తారు. వేతనాల కోడ్ కింద క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువుంది, కాబట్టి ఉద్యోగంలో ఉండగానే కొట్లాడాల్సిన పని లేదు. ఇంకో ఉద్యోగం చూసుకున్నాక కూడా లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చు. జీతం ఇచ్చేశామని నిరూపించుకోవలసిన భారం కూడా యజమాని మీదే ఉంది. నువ్వు అక్కడ పనిచేశావని నీ నోటుబుక్కు, నీ బ్యాంకు పాస్‌బుక్ చూపిస్తే చాలు, మిగతా లెక్క వాళ్లు చెప్పుకోవాలి. ఫిర్యాదు తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇవ్వు. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని మరీ బయటికి రా.